గీజర్ సంగతి రాత్రిపూటే తెలుస్తుంది

డిసెంబరు వాడకానికి బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం నుంచి వచ్చిన బిల్లులో 212 యూనిట్లు కనిపించాయి. మేముండేది బెంగళూరు రామమూర్తినగర్‌లో, మూడు కుటుంబాలున్న బిల్డింగులో మొదటి అంతస్తు. అద్దెకు ఐదేళ్లకు పైగా ఇదే ఇంట్లో ఉన్నాం. మామూలు నెలల్లో మా బిల్లు సున్నా. ఆ నెల మాత్రం పంతొమ్మిది వందల దగ్గరకు పోయింది.

ఇక్కడ ఉండేవాళ్లకు కారణం వెంటనే అర్థమవుతుంది. కర్ణాటకలో ఇళ్లకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం 2023 జులై వాడకం నుంచి అమల్లోకి వచ్చింది. పథకం మొదలైనప్పుడు పెట్టిన లెక్క ఇది: 2022-23లో ఆ ఇంటి నెలసరి సగటు ఎంతో చూసి, దానికి పది శాతం కలిపి, అంతవరకు ఉచితంగా ఇచ్చేవారు. ఆ హద్దు దాటినా 200 లోపల ఉంటే పైన కాలినదానికి మాత్రమే డబ్బు కట్టాలి. 200 దాటితే మొదటి యూనిట్ నుంచి మొత్తానికీ కట్టాలి. అంటే ఆ నెల మమ్మల్ని దెబ్బ కొట్టింది చివరి పన్నెండు యూనిట్లు.

ఇంట్లో అందరూ గీజర్‌నే తప్పుపట్టారు. చలికాలం, రెండు వేల వాట్ల యంత్రం, అనుమానం సహజమే. మదనపల్లె నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "గీజర్ ఆర్పేశారా నాయనా?" అని అడిగేది. ఆన్‌లో మర్చిపోతే బిల్లు పేలిపోతుందని ఆమెకు ఎప్పుడూ టెన్షనే. నాకూ అంతకంటే ఎక్కువ తెలియదు. అందుకే ఊహలు ఆపి కొలవాలనుకున్నాను. కొలవడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, గీజర్ విషయంలో మనం మూడు వేర్వేరు ఖర్చుల్ని ఒకే ముద్దగా చూస్తున్నాం. మనం ఒంటి మీద పోసుకునే నీళ్లకు అయ్యేది ఒకటి. ట్యాంకులో ఊరికే ఉన్న నీళ్లు చల్లారకుండా ఉంచడానికి అయ్యేది రెండోది. ఎవరికీ పనికిరాకుండా కారిపోయే వేడినీళ్లకు అయ్యేది మూడోది. నెలాఖరున వచ్చే బిల్లు ఈ మూడింటినీ కలిపేసి ఒకే అంకె చూపిస్తుంది. వాటిని విడదీయకుండా ఎంత జాగ్రత్తపడినా ఎక్కడ జాగ్రత్తపడాలో తెలియదు.

ముందు గీజర్ మీద రాసి ఉండే 2000 వాట్ల సంగతి. అది ధార ఎంత లావుగా ఉందో చెప్పే అంకె. బిందె ఎంత నిండిందో చెప్పేది యూనిట్. రెండు వేల వాట్ల గీజర్ గంటసేపు ఆగకుండా వేడి చేస్తే రెండు యూనిట్లు కాలతాయి. కానీ అది గంటసేపు వేడి చేయదు. నీళ్లు కాగగానే లోపలి థర్మోస్టాట్ కాయిల్‌కు కరెంటు ఆపేస్తుంది. గోడ మీద స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ గీజర్ కరెంటు కాలుస్తోందనుకోవడం దగ్గరే చాలామంది లెక్క తప్పుతోంది.

నీళ్లు కాగడానికి ఎంత కరెంటు కావాలో తేల్చడం తేలిక. ఒక యూనిట్ అంటే 860 కిలో కేలరీలు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కిలో కేలరీ కావాలి. కాబట్టి లీటర్లను డిగ్రీలతో గుణించి, 860తో భాగిస్తే యూనిట్లు వచ్చేస్తాయి. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే మిగతాదంతా విడిపోతుంది.

చలికాలం పొద్దున ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు 22 డిగ్రీలున్నాయనుకుందాం. ఒంటికి హాయిగా ఉండేది 40 డిగ్రీలు. ఇరవై లీటర్ల బకెట్‌తో స్నానం చేస్తే 20ని 18తో గుణించి 860తో భాగించాలి. 0.42 యూనిట్, అంటే అర యూనిట్ కూడా కాదు. అదే మనిషి షవర్ కింద ఎనిమిది నిమిషాలు నిలబడితే, నిమిషానికి ఎనిమిది లీటర్ల చొప్పున 64 లీటర్లు పడతాయి. అది 1.34 యూనిట్లు. నలుగురున్న ఇంట్లో రోజుకు బకెట్ స్నానాలైతే 1.7 యూనిట్లు, షవరైతే 5.4. నెలకు చూస్తే 50 యూనిట్లు ఒకవైపు, 160 యూనిట్లు మరోవైపు. గీజర్ అదే, ఇల్లు అదే, మనుషులూ వాళ్లే. మారింది నీళ్ల కొలత ఒక్కటే. ఏ కంపెనీ గీజర్ మంచిదని నన్ను అడిగేవాళ్లకు నేను మొదట ఈ రెండు అంకెలే చెబుతున్నాను.

థర్మోస్టాట్ 60లో పెడితే ఎక్కువ కాలుతుందా, 50లో పెడితే తక్కువా అనే ప్రశ్న కూడా ఇక్కడే తీరిపోతుంది. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు అన్న మాట ఈ లెక్కలో అక్షరాలా నిజం. 60 డిగ్రీల నీళ్లయితే బకెట్‌కు తొమ్మిదిన్నర లీటర్లు సరిపోతాయి, మిగతాది చన్నీళ్లు. ఆ తొమ్మిదిన్నర లీటర్లను 22 నుంచి 60 దాకా కాచడానికి అయ్యేదీ అదే 0.42 యూనిట్. బకెట్లో చివరికి 40 డిగ్రీలే ఉన్నప్పుడు దానికయ్యే ఖర్చు మారదు. ఇన్‌స్టంట్ గీజర్ల మీద మూడు వేల వాట్లు అని చూసి భయపడేవాళ్లకు కూడా ఇదే జవాబు. మూడు కిలోవాట్లతో నీళ్లను 18 డిగ్రీలు వేడెక్కిస్తూ ఇవ్వాలంటే నిమిషానికి 2.4 లీటర్లకు మించి రావు. ధార సన్నగా వస్తుంది కాబట్టి నీళ్లు తక్కువ వాడతాం, అందుకే బిల్లు తగ్గినట్టు కనిపిస్తుంది.

థర్మోస్టాట్ తేడా తెలిసేది రెండో ఖర్చులో, అంటే ఊరికే నిల్వ ఉన్న నీళ్ల దగ్గర. ట్యాంకు చుట్టూ ఎంత మందాన ఫోమ్ ఉన్నా వేడి మెల్లగా బయటికి పోతూనే ఉంటుంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి స్టార్ లేబుల్ చెప్పేది ముఖ్యంగా దీని గురించే. లోపలి నీళ్లకూ బయటి గాలికీ 45 డిగ్రీల తేడా ఉంచితే, 24 గంటల్లో ఎంత వేడి ఊరికే పోతుందో ఆ లేబుల్ మీద యూనిట్లలో ఉంటుంది. మా 25 లీటర్ల గీజర్‌కు అది సుమారు 0.6. మేం థర్మోస్టాట్‌ను 50 దగ్గర పెట్టాం, బాత్రూం 25 డిగ్రీలుంటుంది. తేడా 45 కాదు, 25 మాత్రమే. కాబట్టి రోజుకు పోయేది యూనిట్లో మూడో వంతు. నెలంతా ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో వదిలేసినా పది యూనిట్లు.

ఈ సంగతి చెబితే అమ్మ నమ్మలేదు. మా మేడ మీద ఉండే అన్న దీనికి సరిగ్గా ఎదురు వాదన చేశాడు. మాటిమాటికీ ఆపి వేస్తే మళ్లీ మొదటినుంచీ కాగాలి కాబట్టి ఇంకా ఎక్కువ కాలుతుందట. అది కూడా నిజం కాదు. నీళ్లు చల్లారేకొద్దీ బయటికి పోయే వేడి తగ్గుతుంది. కాబట్టి ఆపేస్తే ఎప్పుడూ ఎంతో కొంత మిగులుతుంది, పెరగడమనేది ఉండదు. అయితే మిగిలేది అమ్మ అనుకున్నంత పెద్ద మొత్తం కాదు. ఆపేయమని నేనూ చెబుతాను, కానీ దానికి అసలు కారణం భద్రత. డబ్బు ఆ తర్వాతే. అలాగని థర్మోస్టాట్‌ను మరీ కిందికి దించి గోరువెచ్చటి నీళ్లను రోజుల తరబడి ట్యాంకులో ఉంచడం మంచిది కాదు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య లీజియొనెల్లా లాంటి బాక్టీరియా బాగా పెరుగుతుంది. ఊరెళ్లొచ్చాక మొదటిసారి నీళ్లను 60 దాకా కాగనిచ్చి వాడుకోవడం మేలు.

ఇక కొలిచే పద్ధతులు. పైసా ఖర్చు లేనిది అందరి గుమ్మం దగ్గరా ఉంది. కరెంటు మీటర్ మీద ఒక చిన్న ఎర్ర దీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది. పక్కనే యూనిట్‌కు ఎన్నిసార్లు మెరుస్తుందో అచ్చేసి ఉంటుంది. మా మీటర్ మీద 3200 అని ఉంది. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి, గీజర్ ఒక్కటే వేసి, ఆ దీపాన్ని ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీశాను. తర్వాత నెమ్మదిగా లెక్కపెడితే 98 మెరుపులు. 98ని 60తో గుణించి 3200తో భాగిస్తే 1.84 కిలోవాట్లు.

గీజర్ మీద రెండు అని ఉంటే 1.84 ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. గీజర్ లోపాన్ని అనుమానించనక్కర్లేదు. ఆ 2000 వాట్లు 230 వోల్టులకు చెప్పిన మాట. కాయిల్ లాగే శక్తి వోల్టేజి వర్గాన్ని, అంటే వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి మారుతుంది. సాయంత్రం మా లైన్లో 220 వోల్టులుంటే, శక్తి ఎనిమిదిన్నర శాతం దాకా తగ్గుతుంది. దాని వల్ల కరెంటు ఆదా కాదు. అవే నీళ్లు కాగడానికి ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది, మొత్తం యూనిట్లు అవే. రేటింగ్‌ను చూసి గంటలతో గుణించే లెక్క కొంచెం అటూ ఇటూ కావడానికి కారణం ఇదే.

వాట్లు తెలిశాక రెండో పని ఇంకా తేలిక. గీజర్ మీద వేడి చేస్తున్నప్పుడు వెలిగి, కాగాక ఆరిపోయే దీపం ఉంటుంది. అది వెలిగి ఉన్న నిమిషాలు రాసుకుంటే చాలు. కాయిల్ ఆన్‌లో ఉంటే పూర్తిగా లాగుతుంది, లేకపోతే అసలు లాగదు, మధ్యస్థం లేదు. ఫ్రిజ్‌కు, మోటారుకు ఈ సౌకర్యం లేదు.

కానీ రాత్రంతా దీపం చూస్తూ కూర్చోలేం కదా. అందుకే ఎనర్జీ కొలిచే 16 ఆంపియర్ల వైఫై స్మార్ట్ ప్లగ్ ఒకటి కొన్నాను. గీజర్ ఎప్పుడెంత లాగిందో అది ఫోన్‌లో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. ఈ పదహారు అన్న అంకె దగ్గర పట్టుదలగా ఉండాలి. రెండు కిలోవాట్ల గీజర్ తొమ్మిది ఆంపియర్ల దాకా, మూడు కిలోవాట్లది పదమూడు దాకా లాగుతుంది, అదీ అరగంట ఆగకుండా. మార్కెట్లో ఎక్కువగా దొరికే 10 ఆంపియర్ల ప్లగ్గులను గీజర్‌కు పెట్టకూడదు. సాకెట్ వదులుగా ఉంటే మంచి ప్లగ్ కూడా వేడెక్కి కరుగుతుంది. పెట్టిన మొదటి రోజు అరగంట నడిపి, స్విచ్ ఆపేసి, పొడి చేత్తో ప్లగ్‌ను తాకి చూడండి. కాస్త వెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంతగా ఉంటే సాకెట్ మార్పించాలి. గీజర్ పాయింట్ బాత్రూం లోపల తడి తగిలేచోట ఉన్నవాళ్లు ప్లగ్ జోలికి పోకుండా, ఎలక్ట్రీషియన్‌తో ఇంట్లోకి కరెంటు లైన్లు విడిపోయే డీబీ బాక్సులోనే చిన్న మీటర్ పెట్టించుకోవడం మంచిది. వైరు చుట్టూ తగిలించే క్లాంప్ రకం కూడా ఉంది. దాన్ని ఫేజ్ వైరు ఒక్కదానికే తగిలించాలి. ఫేజ్, న్యూట్రల్ రెండిటినీ కలిపి దాని లోపల పెడితే ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని రెండోది రద్దు చేస్తుంది, మీటర్ సున్నా చూపిస్తుంది. డీబీలో కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో ముందు అది పెట్టించండి. కొలతలు ఆ తర్వాత.

సంక్రాంతికి మా ఆవిడ, పిల్లలు మదనపల్లె వెళ్లారు. నాకు సెలవు దొరకలేదు. మా ఇంట్లో రెండు బాత్రూములు. ఒకదానికి మిద్దె మీది సోలార్ నీళ్లు వస్తాయి, రెండోదానికి గీజర్. నేను సోలార్ బాత్రూమే వాడుకుంటూ, గీజర్‌ను రెండు రోజులు ఆన్‌లోనే ఉంచి చూశాను. ఎవరూ చుక్క నీళ్లు వాడని గీజర్ అన్నమాట. లెక్క ప్రకారం ఏం కనిపించాలి? నీళ్లు ఆరు డిగ్రీలు చల్లారాక థర్మోస్టాట్ మళ్లీ కరెంటిస్తుందనుకుంటే, 25 లీటర్లకు ఒక్కోసారి యూనిట్లో ఆరో వంతు కావాలి. అంటే ఐదారు నిమిషాలు. రోజుకు పోయేది మూడో వంతు కాబట్టి, ఇరవై నాలుగు గంటల్లో అలాంటి చిన్న గీతలు రెండు కనిపించాలి.

గ్రాఫ్‌లో తొమ్మిది కనిపించాయి. మర్నాడు కూడా అంతే. రాత్రి పన్నెండుకు ఒకటి, రెండున్నరకు ఒకటి, ఐదుకు ఒకటి. రోజుకు ఒకటిన్నర యూనిట్.

నిల్వ నష్టం పోగా మిగిలిన 1.17 యూనిట్‌ను వెనక్కి లెక్కకడితే, 22 నుంచి 50 డిగ్రీలకు కాగిన నీళ్లు రోజుకు 36 లీటర్లు ఎక్కడికో పోతున్నట్టు. గంటకు లీటరున్నర. కుళాయిలన్నీ చూశాను, పొడిగా ఉన్నాయి. బాత్రూం వెనక పైపులు దిగే సందులోకి టార్చ్ వేసి చూస్తే, వేడినీళ్ల పైపు ఎల్బో దగ్గర గోడ నాని నల్లబడింది. చప్పుడు లేకుండా గోడ వెంబడే కారుతోంది. ప్లంబర్ వచ్చి ఎల్బో మార్చాక ఆ రాత్రి గ్రాఫ్‌లో ఒకే గీత వచ్చింది. నెలకు 35 యూనిట్లు అక్కడే పోతున్నాయి. డిసెంబరులో ఆ చుక్కలు లేకుంటే 212 బదులు 177 వచ్చి ఉండేది. మేమేమో ఆ నెలంతా పిల్లల్ని స్నానం తొందరగా ముగించమని కసురుకున్నాం. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే పగటి వాడకం కంటే రాత్రి గీతలను చూడమంటున్నాను. పగలు ఎవరెంత వాడారన్నది కలగాపులగంగా ఉంటుంది. అందరూ పడుకున్నాక గీజర్ ఎన్నిసార్లు మేలుకుంటుందో అది మాత్రం అబద్ధం కాదు. గీత అసలు ఆగకుండా గంటల తరబడి సాగితే థర్మోస్టాట్ అతుక్కుపోయి ఉండొచ్చు, వెంటనే ఆపేసి మెకానిక్‌ను పిలవాలి. స్విచ్ ఆన్‌లో ఉండి, నీళ్లు చల్లగా ఉండి, గ్రాఫ్ సున్నా చూపిస్తుంటే కాయిల్ పోయిందనో, భద్రత కోసం పెట్టిన కటౌట్ పడిపోయిందనో అర్థం.

బోరు నీళ్ల సున్నం గురించి కూడా ఒక మాట. కాయిల్‌కు తెల్లటి గార కడితే బిల్లు బాగా పెరుగుతుందని సర్వీసుకు వచ్చేవాళ్లు చెబుతుంటారు. కాయిల్ నీళ్లలోనే మునిగి ఉంటుంది. గార అడ్డం ఉన్నా పుట్టిన వేడి చివరికి నీళ్లలోకే చేరాలి, ఇంకెక్కడికీ పోయే దారి లేదు. కాబట్టి యూనిట్లు పెద్దగా మారవు. గార వల్ల జరిగేది వేరు: కాయిల్ లోపలే మరీ కాలిపోయి తొందరగా పాడవుతుంది, ట్యాంకు అడుగున మడ్డి చేరి పట్టే నీళ్లు తగ్గుతాయి. శుభ్రం చేయించడం అవసరమే, బిల్లు కోసం కాకపోయినా.

జనవరితో కథ అయిపోయిందనుకున్నాను. జులైలో మళ్లీ 200 దాటింది. ఈసారి గీజర్ ప్లగ్ చూపించే అంకెలు మామూలుగానే ఉన్నాయి.

బెంగళూరు మిద్దెల మీద సోలార్ వాటర్ హీటర్లు ఎన్ని ఉంటాయో ఎవరైనా చూడొచ్చు. కొత్త ఇళ్లకు దాన్ని తప్పనిసరి చేసిన ఊరు ఇది. హీటర్ ఉన్న ఇళ్లకు బెస్కాం యూనిట్‌కు 50 పైసల చొప్పున, నెలకు 50 రూపాయల దాకా బిల్లులో తగ్గింపు కూడా ఏళ్ల తరబడి ఇచ్చింది. చాలామంది మర్చిపోయేది ఆ ట్యాంకు లోపల ఉండే బ్యాకప్ కాయిల్‌ను. మబ్బు పట్టిన రోజుల కోసం అది ఉంటుంది. మా బిల్డింగు ట్యాంకు 300 లీటర్లు, కాయిల్ మూడు కిలోవాట్లు. ఎండ అసలు రాని రోజున ఆ నీళ్లను పాతిక డిగ్రీలు వేడెక్కించాలంటే 300ని 25తో గుణించి 860తో భాగించాలి. 8.7 యూనిట్లు, ఒక్క రోజుకు. జులై, ఆగస్టుల్లో ఇక్కడ వరసగా మబ్బులే.

ఎలక్ట్రీషియన్‌తో క్లాంప్ పెట్టించి చూస్తే, ఆ కాయిల్ వైరు మా డీబీలోంచి పోతోంది. నీళ్లు మూడిళ్లకు, మీటర్ మాది. పైగా స్విచ్ మెట్ల దగ్గర ఉండటంతో, రాత్రి పడుకునే ముందు మబ్బుగా ఉందని ఎవరో ఒకరు వేసేవాళ్లు. కొన్నిసార్లు అది మర్నాడు మధ్యాహ్నం దాకా అలాగే ఉండిపోయేది. అది ఇంకో నష్టం. కాయిల్ ముందే నీళ్లు కాచేస్తే, పొద్దున ఎండ వచ్చినా తీసుకోవడానికి ట్యాంకులో చల్లటి నీళ్లుండవు. ఊరికే వచ్చే వేడి ఊరికే పోతుంది.

ఓనరు గారు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువారు. చెబితే మొదట ఒప్పుకోలేదు. "ఏమప్పా, సోలార్ ఉండంగ కరెంటు ఎట్ల కాలుతుంది?" అన్నారు. వాదించకుండా ఆయన్నే మీటర్ దగ్గరకు తీసుకెళ్లాను. మా మెయిన్ ఆపేస్తే మెట్ల దగ్గర సోలార్ స్విచ్ దీపం ఆరిపోయింది. మళ్లీ వేసి, ఆ కాయిల్ ఒక్కటే నడిపితే ఎర్ర దీపం నిమిషానికి 150కి పైగా మెరిసింది. ఆయన కాసేపు చూసి, "అయితే ఇన్నేండ్లూ మీరే కట్నారా?" అని అడిగారు. ఎండ ఉన్న నెలల్లో స్విచ్ వేసే పని పడదు కాబట్టి ఇన్నేళ్లు ఎవరికీ తెలియలేదు.

ఆ వారంలోనే వైరును మోటారు నడిచే కామన్ మీటర్‌కు మార్పించారు. పొద్దున నాలుగున్నరకు పడి ఆరింటికి ఆగిపోయేలా ఒక టైమర్ పెట్టించారు, అదీ ముందురోజు ఎండ రాకపోతేనే వేస్తాం. స్విచ్ పక్కన చిన్న నోటు పుస్తకం వేలాడుతోంది. ఎవరు ఏ రోజు వేశారో అందులో రాస్తున్నాం. ఆగస్టులో పదకొండు రోజులు వేశాం. ఒక్కోసారి నాలుగున్నర యూనిట్లు, మొత్తం యాభై లోపు, మూడిళ్లకు కలిపి.